పశుపోషణ ప్రశ్నలు, జవాబులు: ఊళ్లో పశువైద్య సహాయకులకు ఏం వచ్చి ఉండాలి?

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. రైతు సేవా కేంద్రాల్లో పనిచేసే పశుసంవర్ధక సహాయకులు, గోపాలమిత్రలు (ఊళ్లో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసేవారు), డెయిరీల తరఫున ఊళ్లు తిరిగే కుర్రవాళ్లు, వీరందరికీ ఎంతవరకు పని వచ్చి ఉండాలి, రానిది ఎక్కడ నేర్చుకోవాలి అన్నదే ఆ విషయం. అందువల్ల మేత, దాణాలకు సంబంధించిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి వీటిని ఒకచోట చేర్చాను. పేరు వేయవద్దని కోరినవారే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ ఇవ్వడం లేదు.

ప్రశ్న: పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చేసి సత్తెనపల్లి వైపు ఒక ఊళ్లో సహాయకురాలిగా పనిచేస్తున్నాను. టీకాలు, చెవిపోగులు, నమోదులు బాగానే చేయగలుగుతున్నాను. అయితే ఈత కష్టమైనా, కడుపు ఉబ్బినా, ఏ పురుగో కుట్టినా రైతులు ముందు నాకే ఫోను చేస్తారు. చేయనంటే ‘మరి నీ చదువెందుకమ్మా’ అంటారు; చేస్తే రేపు ఏమైనా అయితే నా మీదికే వస్తుంది. చట్టప్రకారం నేను ఎంతవరకు చేయవచ్చు? ఏ విషయాల్లో మళ్లీ శిక్షణ తీసుకోవాలి?

జవాబు: ముందు చట్టం సంగతి చూద్దాం. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టంలోని 30వ సెక్షన్ ప్రకారం పశువైద్యం చేసే హక్కు రిజిస్టరులో పేరు నమోదైన పశువైద్యులకే ఉంది. అదే సెక్షన్‌లో మీవంటి వారికి కొంత వెసులుబాటు కూడా ఇచ్చారు. తగిన డిప్లొమా గాని సర్టిఫికెట్టు గాని ఉన్న సహాయకులు, రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా అనుమతించినప్పుడు, రిజిస్టరైన పశువైద్యుని పర్యవేక్షణలో, ఆయన చెప్పిన మేరకు చిన్న తరహా సేవలు అందించవచ్చు. టీకాలు వేయడం, విత్తులు కొట్టడం, పుండ్లకు కట్టు కట్టడం వంటి ప్రాథమిక చికిత్సలు, ప్రభుత్వం నోటిఫికేషన్‌లో పేర్కొన్న మరికొన్ని పనులు ఈ కోవలోకి వస్తాయి. కాబట్టి మీరు ఏ పశువుకు ఏం చేసినా, ఆ సంగతి మీ ప్రాంతపు పశువైద్యునికి తెలిసి ఉండడమే మీకు రక్ష. ఎన్ని గంటలకు ఫోను చేశారు, ఆయన ఏం చేయమన్నారు, మీరు ఏం చేశారు అన్నది అప్పటికప్పుడు నోటుబుక్కులో రాసుకోండి. రైతు చేత సంతకం పెట్టించుకోవడం కుదిరితే అదీ చేయండి.

ఇక శిక్షణ. రెండేళ్ల డిప్లొమాలో పాఠాలకు కొదవ లేదు. జబ్బుపడిన పశువు పక్కన నిలబడి గడిపే సమయానికే కొదవ. చాలామంది సహాయకులు నన్ను అడిగేది ‘కొత్త ఇంజెక్షన్లు నేర్పించండి’ అని. నా లెక్కలో అది ఆఖరున నేర్చుకోవలసినది. మొదట నేర్చుకోవలసినది పశువును పరీక్షించడం, చూసినదాన్ని డాక్టరుకు సరిగ్గా చెప్పడం.

పరీక్ష అంటే గొప్ప పరికరాలేమీ అక్కరలేదు. థర్మామీటరును పేడలో గుచ్చి తీయకుండా, దాని కొస పేగు గోడకు ఆనేటట్లు పక్కకు వంచి, రెండు నిమిషాలు ఉంచాలి. ఆవుకు 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ డిగ్రీల వరకు మామూలే; గేదెకు సాధారణంగా ఇంకొంచెం తక్కువ ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో కట్టేసిన గేదెకు జబ్బు లేకపోయినా వేడి పెరుగుతుంది కనుక, నీడకు మార్చి, ఒంటి మీద నీళ్లు పోసి, గంట తర్వాత మళ్లీ చూడకుండా జ్వరమని తేల్చకూడదు. తర్వాత ఎడమ డొక్కలో పిడికిలి గట్టిగా ఆనించి రెండు నిమిషాలు వాచీ చూడాలి. ఆరోగ్యంగా ఉన్న పశువులో ఆ వ్యవధిలో రెండు మూడు సార్లు కడుపు కదిలి పిడికిలిని పైకి నెడుతుంది. కనురెప్ప లోపలి రంగు, పేడ తీరు, నాలుగు చన్నుల నుంచి విడివిడిగా పిండిన పాలు చూడాలి. ఈని ఎన్నాళ్లైంది, మేత ఎప్పుడు మార్చారు అని అడగాలి.

ఇవన్నీ చూసినవారు ఫోనులో ‘గేదె మేత తినడం లేదండీ’ అని ఊరుకోరు. ‘మూడో ఈత ముర్రా గేదె, ఈని పన్నెండు రోజులు, నిన్నటి నుంచి దాణా ముట్టడం లేదు గాని ఎండుగడ్డి తింటోంది, జ్వరం లేదు, కడుపు రెండు నిమిషాల్లో ఒక్కసారే కదిలింది, పాలు సగానికి పడిపోయాయి’ అని చెబుతారు. ఇంత చెబితే పది కిలోమీటర్ల దూరంలో ఉన్న డాక్టరుకు అది కీటోసిస్ (ఈనిన తర్వాత ఒంట్లో శక్తి చాలక వచ్చే జబ్బు) కావచ్చునన్న అనుమానం అక్కడికక్కడే వస్తుంది, బయలుదేరేటప్పుడే తగిన మందు బండిలో పెట్టుకుంటారు.

ఈతల విషయంలో మీకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక చేయాలి. మన ప్రాంతంలో ఎక్కువగా ఉన్నవి గేదెలు. గేదెల్లో ఈత కష్టం కావడానికి తరచుగా కనిపించే కారణం గర్భకోశం మెలిపడడం. పశువు నొప్పులు పడుతూ ఉంటుంది, ఉమ్మనీటి సంచి బయటికి రాదు, లోపల చెయ్యి పెడితే దారి మడతలు పడి తిరిగినట్లు తగులుతుంది. అటువంటప్పుడు తాడు కట్టి నలుగురు లాగితే గర్భకోశం చినిగిపోతుంది. ఆ మెలికను గుర్తించడం మీరు నేర్చుకోవాలి; పశువును పడుకోబెట్టి, పొట్ట మీద పలక ఆనించి దొర్లించి మెలిక విప్పడం డాక్టరు చేస్తారు. సంచి పగిలి గంటన్నర, రెండు గంటలైనా ఈత ముందుకు సాగకపోతే ఇక ఎదురుచూడకుండా కబురు చేయాలి. 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్యశాల వచ్చే ఏర్పాటు కూడా ఉంది.

చెయ్యి అసలే పెట్టకూడని సందర్భాలు రెండు ఉన్నాయి, వీటిని శిక్షణలో ఒక్క పూటలో చెప్పి వదిలేస్తారు. నోట్లోంచి చొంగ కారుతూ మింగలేకపోతున్న పశువును చూసి, గొంతులో మామిడి టెంకో తాటి ముక్కో అడ్డుపడిందని రైతు అంటారు. మీరు చెయ్యి పెట్టి చూడబోతారు. అది పిచ్చి వ్యాధి అయితే ఆ చొంగే మీకు ప్రాణాంతకం. ఈ మధ్య కుక్క కరిచిందా అని ముందు అడగండి, అనుమానముంటే దూరంగా కట్టేయించి డాక్టరును పిలవండి. పొరపాటున చొంగ తగిలితే సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. పశువులతో రోజూ మెలిగేవారు ఈ టీకాలు ముందుగానే వేయించుకోవడం ఇంకా మంచిది. రెండోది దొమ్మ రోగం (ఆంత్రాక్స్). నిన్నటిదాకా బాగున్న పశువు హఠాత్తుగా చచ్చిపోయి, ముక్కు నుంచి, వెనుక నుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంటే ఆ కళేబరాన్ని కోయనివ్వకూడదు, తోలు ఒలవనివ్వకూడదు. గాలి తగిలిన నెత్తురులోని క్రిములు గింజల రూపం దాల్చి నేలలో ఏళ్ల తరబడి నిలుస్తాయి.

టీకాలు బాగా వస్తాయని రాశారు. మంచిదే. అయినా ఈసుడు రోగం (బ్రూసెల్లోసిస్) టీకా గురించి ఒక మాట. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద గాలికుంటుకు ఏటా రెండు సార్లు, ఈసుడు రోగానికి నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న పెయ్యదూడలకు జీవితంలో ఒక్కసారి టీకా వేస్తున్నారు. గాలికుంటు టీకాలో ఉన్నది చంపిన వైరస్. ఈసుడు రోగం టీకాలో ఉన్నది బతికున్న క్రిమి. సూది మీ వేలికి గుచ్చుకున్నా, మందు కంట్లో చిమ్మినా మీకే ఆ జబ్బు రావచ్చు. తొడుగులు, కళ్లద్దాలు లేకుండా దాన్ని కలపవద్దు. గర్భవతిగా ఉన్నవారు ఆ పనికి దూరంగా ఉండాలి; ఉంటామని పైవారికి చెప్పడానికి మొహమాటపడనక్కరలేదు. ఇక గాలికుంటు టీకా 2 నుంచి 8 సెంటీగ్రేడ్ డిగ్రీల మధ్య ఉండాలని అందరికీ తెలుసు గాని, అది గడ్డకట్టినా పాడవుతుందన్నది చాలామంది మరిచిపోతారు. సీసా నేరుగా ఐసుకు ఆనకుండా మధ్యలో కాగితమో గుడ్డో ఉంచాలి.

ఎక్కడ నేర్చుకోవాలి అంటే, మీ డాక్టరు గారిని అడిగి వారంలో ఒక పూట ఆసుపత్రిలో ఓపీ దగ్గర నిలబడే అనుమతి తెచ్చుకోండి. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి పశువులు వస్తాయి. పదిహేను రోజుల పాటు అక్కడ పనిచేసే అవకాశం ఇప్పించమని మీ శాఖను లిఖితపూర్వకంగా కోరండి. ఒక్కరే కోరితే కాగితం బల్ల మీదే ఉంటుంది, మండలంలోని సహాయకులందరూ కలిసి కోరండి.

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. నాలుగో ఈత గేదె ఈనిన మర్నాడు లేవలేక పడిపోయింది. ఊరికి వచ్చే ఒక కుర్రవాడు ‘పాల జ్వరం’ అని కాల్షియం సీసా నరానికి ఎక్కించాడు. సీసా సగం అయ్యేసరికి గేదె వణికి చచ్చిపోయింది. అందరూ వేసే మందే కదా, ఎందుకిలా జరిగింది? అతనికి శిక్షణ లేకపోవడమే కారణమా?

జవాబు: చూడకుండా ఆ గేదె ఎందుకు చనిపోయిందో నేను చెప్పలేను. అయితే మీరు రాసిన తీరులో ఇలా జరగడానికి సాధారణంగా రెండు కారణాలుంటాయి. కాల్షియం గుండె మీద నేరుగా పనిచేసే మందు. 450 మిల్లీలీటర్ల సీసాను శరీరపు వేడికి తెచ్చి, గుండె చప్పుడు వింటూ, పది పదిహేను నిమిషాలకు తక్కువ కాకుండా ఎక్కించాలి. వెళ్లవలసిన ఇల్లు ఇంకొకటి ఉన్నదని సీసాను ఎత్తిపట్టి ధారగా వదిలితే గుండె ఆగిపోతుంది. లయ తప్పిందని చెవికి తెలియగానే ఆపేయాలి. స్టెతస్కోపు లేని చేతిలో ఆ సీసా ఉండకూడదని నా అభిప్రాయం.

రెండో కారణం, అది అసలు పాల జ్వరమే కాకపోవడం. ఈనిన మూడు రోజుల్లోపు పడిపోయిన ప్రతి పశువుదీ కాల్షియం లోపం కాదు. పాల జ్వరంలో ఒళ్లు చల్లబడుతుంది, చెవులు చల్లగా తగులుతాయి, మెడ వంకర తిప్పి తలను డొక్క మీద పెట్టుకుంటుంది, థర్మామీటరు మామూలు కంటే తక్కువ చూపుతుంది. తీవ్రమైన పొదుగువాపు వల్లో, గర్భకోశంలో చీము పట్టడం వల్లో విషం ఒళ్లంతా పాకిన పశువు కూడా ఇలాగే పడిపోతుంది, చివరి దశలో దాని ఒళ్లూ చల్లబడవచ్చు. కాబట్టి పొదుగు పిండి చూడకుండా, మాయ పడిందో లేదో అడగకుండా కాల్షియం ఎత్తకూడదు. విషంతో అప్పటికే నీరసించిన గుండె ఆ మందును తట్టుకోదు. ఈ తేడాను గుర్తించడమే శిక్షణ. నరం దొరకబుచ్చుకోవడం వారం రోజుల్లో ఎవరికైనా వస్తుంది.

ఆ కుర్రవాడికి డాక్టరు ఫోనులోనైనా చెప్పారా లేదా అన్నది మీరు రాయలేదు. ఇకముందు మీ కొట్టంలో ఎవరు సూది తీసినా ‘డాక్టరు గారికి చెప్పారా?’ అని అడగండి. ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకునేవారిని రెండోసారి పిలవనక్కరలేదు.

ప్రశ్న: దుగ్గిరాల ప్రాంతంలో వరి కోశాక జొన్న వేస్తాం. పంట కోసిన చేలో మేసిన రెండు పెయ్యలు అరగంటలో పడిపోయాయి. సహాయకుడు పావుగంటలో వచ్చాడు గాని అతని దగ్గర మందు లేదు. ఒకటి పోయింది. వీళ్ల సంచిలో ఏమేం ఉండాలి?

జవాబు: మోడుల నుంచి కొత్తగా లేచిన జొన్న పిలకల్లోనూ, నీరు అందక వడలిన లేత జొన్నలోనూ సైనైడు ఎక్కువ. మన వైపు దీన్ని నాము పట్టడం అంటారు. పశువు రొప్పుతుంది, వణుకుతుంది, పడిపోతుంది. కనురెప్ప లోపల రంగు మామూలు కంటే ఎర్రగా మెరుస్తుంది. దీనికి సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు ఇస్తారు. రెండోది అంత ప్రమాదం లేని మందు, ధర కూడా తక్కువే. జొన్న పండే మండలాల్లో డిసెంబరు నుంచి వేసవి దాకా ప్రతి సహాయకుని సంచిలో, కలపడానికి శుద్ధమైన నీటితో సహా, అది ఉండాలి. మోతాదు, ఇచ్చే పద్ధతి అక్కడి డాక్టరు ముందుగానే రాసి ఇచ్చి, చేయించి చూపాలి. పశువు ప్రాణం నిమిషాల మీద ఉన్నప్పుడు ఫోను కలవలేదన్న మాట పనికిరాదు. ఊళ్లో ఏ పంట వేశారు, ఏ నెలలో ఏ జబ్బు వస్తుంది అన్నదాన్ని బట్టి సంచి సర్దుకోవడం కూడా ఈ పనిలో నేర్వవలసిన నైపుణ్యమే, పాఠ్యపుస్తకంలో అది ఉండదు.

ఒక మాట రైతులకు. రొప్పుతున్న పశువుకు బెల్లం నీళ్లు పట్టబోయి ఊపిరితిత్తుల్లోకి పంపకండి. జొన్నను కంకి వేసిన తర్వాతే మేపండి, పిలకలున్న చేలోకి వదలకండి.

ప్రశ్న: నందిగామ ప్రాంతంలో గోపాలమిత్రగా చాలాకాలంగా పనిచేస్తున్నాను. ఒకప్పుడు ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేస్తే బాగానే చూడి కట్టేవి. ఇప్పుడు గేదెలు రెండు మూడు సూదులకు కూడా నిలవడం లేదు. రైతులు స్ట్రాలే (వీర్యం నింపిన సన్నటి గొట్టాలు) మంచివి కావంటున్నారు. నిజమేనా? మాకు మళ్లీ శిక్షణ ఇస్తే ఏం నేర్పాలి?

జవాబు: స్ట్రా మీద నెపం వేయడం తేలిక, ఎందుకంటే అది నోరు తెరిచి జవాబు చెప్పదు. అది మీ దగ్గరికి వచ్చాక ఎన్నిసార్లు వేడి తగిలిందో ముందు చూసుకోండి. ద్రవ నత్రజనిలో వీర్యం సున్నాకు దిగువన 196 సెంటీగ్రేడ్ డిగ్రీల చలిలో ఉంటుంది. స్ట్రా వెతకడానికి స్ట్రాలుండే క్యానిస్టరును నత్రజని కంటెయినరు మెడ దాటి పైకెత్తి, వెలుతురులో నంబరు చదివి మళ్లీ దించితే, ఆ ఒక్కటే కాదు, అందులోని స్ట్రాలన్నీ కొంత కొంత చెడతాయి. మెడకు లోపలే ఉంచి, పొడుగు చిమటాతో కొన్ని సెకన్లలో తీయాలి. ఏ గోబ్లెట్‌లో ఏ ఆబోతు వీర్యం ఉందో పుస్తకంలో రాసుకుంటే వెతుకులాట ఉండదు. నత్రజని మట్టం వారానికోసారి పుల్ల పెట్టి కొలవాలి.

తీసిన స్ట్రాను 37 డిగ్రీల నీటిలో అర నిమిషం ఉంచాలి. ఆ నీటి వేడిని వేలితో అంచనా వేసేవారు చాలామంది ఉన్నారు. థర్మామీటరు ఖరీదు ఒక్క సూదికి వచ్చే డబ్బు కంటే పెద్దది కాదు. నందిగామ ఎండ సంగతి నేను మీకు చెప్పనక్కరలేదు. మే నెలలో వీర్యం లోపలికి వదిలే ఏఐ గన్‌ను స్కూటరు సీటు మీద పెట్టి గేదెను కట్టించే లోపు లోపలి కణాలు చస్తాయి. ముందు గేదెను, కదలకుండా నిలిపే ట్రెవిస్‌లో పెట్టి, పరీక్షించి, ఎద సరైనదని తేలాకే స్ట్రా తీయండి.

ఎద సరైనదా అన్నదే గేదెల్లో అసలు చిక్కు. ఆవులా అరవదు, మరొకదాని మీద ఎక్కదు. వేసవిలో మరీ మూగగా ఉంటుంది, గుర్తులు తరచు రాత్రిపూట, తెల్లవారుజామున కనిపిస్తాయి. పొద్దున గమనిస్తే సాయంత్రం, సాయంత్రం గమనిస్తే మర్నాడు పొద్దున సూది వేయాలన్న సూత్రం మీకు తెలిసినదే. కానీ రైతు ఫోను చేసిన వేళను లెక్కలోకి తీసుకుంటున్నారా, ఎద మొదలైన వేళనా? మానం నుంచి జారే తీగలు స్వచ్ఛంగా, పారదర్శకంగా ఉన్నాయా, మసకగా చీము చారలున్నాయా చూడండి. చారలుంటే ఆ రోజు సూది వద్దు, డాక్టరుకు చూపించండి. చూడితో ఉన్న పశువుల్లో కూడా కొన్ని ఎద గుర్తులు చూపుతాయి. పాత నమోదు చూడకుండా గన్ లోపలికి పంపితే ఉన్న చూడి పోతుంది. చెవిపోగు మీది 12 అంకెల సంఖ్యతో పశువు వివరాలు ఇప్పుడు ఫోనులోనే దొరుకుతాయి, దాన్ని చెవిపోగు వేసిన రోజున మాత్రమే తెరిచే అలవాటు మానాలి.

ఇక చేతి పని. గన్ కొస గర్భకోశ ముఖద్వారం దాటిన వెంటనే, గర్భకోశపు మొదట్లోనే వీర్యం వదలాలి. ఇంకా లోపలికి పోయి ఒక కొమ్ములో వదిలితే పొర గాయపడవచ్చు, రెండో పక్క అండం విడుదలైతే లాభమూ తగ్గవచ్చు. చాలాకాలం పనిచేసినవారిలోనే ఈ లోపం ఎక్కువ, ఎందుకంటే తొలి శిక్షణ తర్వాత వారి చేతిని ఎవరూ పరీక్షించి ఉండరు. ‘మైత్రి’ పేరుతో కేంద్ర పథకం కింద కొత్తవారికి ఇచ్చే శిక్షణ మూడు నెలలు. పాతవారికి అన్నాళ్లు అక్కరలేదు. కోసిన పశువుల గర్భకోశాలు తెప్పించి, మీ అందరి చేతా రంగునీళ్లు నింపిన స్ట్రాలు వేయించి, తర్వాత కోసి రంగు ఎక్కడ పడిందో చూపిస్తే ఒక్క రోజులో ఎవరి చెయ్యి ఎక్కడ తప్పుతోందో వారికే తెలుస్తుంది. ఉపన్యాసాలతో నింపిన శిక్షణ కంటే ఇది ఎంతో మేలు, ఖర్చూ తక్కువ. దానితో పాటు ప్రతి సూదికీ మూడు నెలల నాటి చూడి పరీక్ష ఫలితం మీ పుస్తకంలో రాయండి. వేసిన సూదుల లెక్క అందరి దగ్గరా ఉంటుంది, నిలిచిన సూదుల లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

ఇంత చెప్పిన తర్వాత, లోపం పశువులో కూడా ఉండవచ్చునని ఒప్పుకోవాలి. వరిగడ్డి తప్ప పచ్చిమేత, ఖనిజ మిశ్రమం ఎరుగని గేదెకు ఎవరు సూది వేసినా ఒకటే.

ప్రశ్న: మా ఊరి రైతు సేవా కేంద్రంలోని అమ్మాయి ప్రతిదానికీ డాక్టరును అడగాలంటుంది. పక్క ఊరి నుంచి వచ్చే వ్యక్తి అడగ్గానే రెండు సూదులు వేసి వెళతాడు. పని తెలిసినవాడు ఎవరు? (మంగళగిరి మండలం)

జవాబు: ఆ అమ్మాయి. రెండో ఆయన వేసే రెండు సూదుల్లో ఒకటి యాంటీబయాటిక్, మరొకటి నొప్పి తగ్గించేది అయి ఉంటుంది. యాంటీబయాటిక్ ఇచ్చిన పశువు పాలను సీసా మీద రాసిన గడువు వరకు కేంద్రానికి పోయకూడదని ఆయన మీకు ఎప్పుడైనా చెప్పారా? నొప్పి మందుల్లో డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడడాన్ని 2006లోనే నిషేధించారు, ఆ మందు వాడిన పశువు కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోవడమే అందుకు కారణం. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా ఆ జాబితాలో చేరాయి. ఇవి తెలియనివారు సంచి పట్టుకుని తిరగడం పశువుకే కాదు, ఆ పాలు తాగేవారికీ మంచిది కాదు.

అయితే తప్పంతా అతనిది మాత్రమే అనలేను. మన రైతు డబ్బు ఇచ్చేది సూదికి. పశువును అరగంట పరీక్షించి ‘మందు అక్కరలేదు, దాణా మార్చండి’ అన్నవారికి టీ ఇచ్చి పంపుతాం. బతకడానికి సూదులే దారి అయినప్పుడు ఎన్ని శిక్షణలిచ్చినా సూదులే పెరుగుతాయి. పరీక్షకు, సలహాకు కొంత రుసుము ఇచ్చే అలవాటు పాల సంఘాలైనా మొదలుపెట్టాలి.

ప్రశ్న: వినుకొండ వైపు గొర్రెలు మేపుకుంటాం. కోతల తర్వాత మందలతో డెల్టాకు దిగుతాం. గేదెలకైతే అందరూ వస్తారు, జీవాలకు ఎవరూ రారు. మా పిల్లల్లో ఇద్దరు పదో తరగతి చదివారు. వాళ్లకే ఈ పని నేర్పించవచ్చా?

జవాబు: తప్పకుండా నేర్పించవచ్చు, నేర్పించాలి కూడా. 2019 పశుగణన ప్రకారం మన రాష్ట్రంలో గొర్రెలు కోటి డెబ్భై ఆరు లక్షలు. దేశంలో తెలంగాణ తర్వాత స్థానం మనదే. పల్నాటి మాచెర్ల గొర్రెకు ప్రత్యేక జాతిగా గుర్తింపు కూడా వచ్చింది. అయినా సహాయకుల శిక్షణ ఎక్కువగా పాడిపశువుల కోసం తయారైంది. ఐదు వేల పశు ప్రమాణాలకు (చిన్న జీవాలను పెద్ద పశువుల లెక్కలోకి మార్చి కట్టే కొలత) ఒక పశువైద్యుడు ఉండాలని 1976లోనే జాతీయ వ్యవసాయ కమిషన్ చెప్పింది. ఒకచోట నిలవని మందలకు ఆ లెక్క ఎప్పటికీ సరిగ్గా అందదు. మందతో పాటు నడిచే మనిషికే పని రావాలి.

మీ పిల్లలు నేర్చుకోవలసినవి కొన్నే. చిటుక రోగానికి వానలకు ముందు, పారుడు రోగానికి మూడేళ్లకోసారి, అలాగే బొబ్బ రోగానికి, నీలి నాలుకకు టీకాలు ఎప్పుడు వేయించాలో మందవారీగా పుస్తకం రాయడం. పారుడు టీకాను చల్లటి ద్రవంలో కలిపిన తర్వాత నిలవ ఉంచకుండా వెంటనే వాడేయడం. సూదులు మారుస్తూ ఉండడం. నట్టల మందు తాగించేటప్పుడు తల మరీ పైకెత్తకుండా, ముక్కు కంటి కంటే పైకి లేవకుండా చూసి, నాలుక పక్క నుంచి మెల్లగా పోయడం. బరువును కంటితో అంచనా వేయక, మందలో అన్నిటికంటే బరువైనదాన్ని తూచి ఆ మోతాదు ప్రకారం గుంపు గుంపుగా ఇవ్వడం. తక్కువ మోతాదు ఇస్తూ పోతే నట్టలు మందుకు లొంగకుండా పోతాయి. చివరిగా, ఒకే రోజు రెండు మూడు జీవాలు ఒకే తీరుగా పడిపోతే మందను కదలనివ్వకుండా ఆపి కబురు చేయడం. మంద నడిస్తే జబ్బూ డెల్టా దాకా నడుస్తుంది.

దీనికి మీ ప్రాంతపు పశువైద్యశాలలో అడగండి. గుంటూరు దగ్గర లాం ఫారంలో ఉన్న పశు పరిశోధన కేంద్రంలోనూ విచారించండి. గొర్రెల పెంపకందారుల సంఘం తరఫున ఇరవై ముప్పై మంది పేర్లతో వెళితే వినేవారుంటారు. ఈ చిన్న శిక్షణతో వాళ్లు వైద్యం చేయడానికి మాత్రం అర్హులు కారు, డాక్టరుకు కళ్లు, చెవులుగా మాత్రమే పనిచేయగలరు.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి పాసయింది. పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో చేర్చవచ్చా? ఆడపిల్ల ఈ పని చేయగలదా? (గుంటూరు)

జవాబు: చేయగలదు. ఈ శీర్షికలో మొదటి ఉత్తరం రాసినది ఒక అమ్మాయే. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఈ రెండేళ్ల డిప్లొమా నడుస్తుంది, ప్రవేశ ప్రకటన పదో తరగతి ఫలితాల తర్వాత వస్తుంది. ఈ డిప్లొమాతో డాక్టరు కాలేదని, ఐదున్నరేళ్ల బీవీఎస్సీ వేరే దారి అని ముందే తెలుసుకుని చేర్చండి. చేర్చే ముందు సెలవుల్లో ఒక వారం మీ దగ్గరి పశువైద్యశాలకు పొద్దుటే పంపండి. పేడ, చీము, గిట్టల తన్ను, ఇవన్నీ చూసి, మర్నాడు తనంతట తాను బయలుదేరితే ఫారం నింపండి.